బ్రౌజర్ పదే పదే క్రాష్ అవుతుంటే ఇలా చేసి చూడండి

ముందే అన్‌ఇన్‌స్టాల్ చేసేయకండి ప్లీజ్, చాలాసార్లు ఆ అవసరమే రాదు. మొదట చూడాల్సింది ఏంటంటే ఒక్క ట్యాబే పోతుందా, మొత్తం బ్రౌజరే మూసుకుపోతుందా అని. ఒకే సైట్ దగ్గర ట్యాబ్ పోతుంటే తప్పు ఆ సైట్‌ది కావచ్చు, విండోస్‌లో క్రోమ్ వాడుతుంటే షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటుందో కనిపిస్తుంది, ఎక్కువ తినేదాన్ని అక్కడే ఆపేయొచ్చు.

మొత్తం బ్రౌజరే పోతుంటే నా అనుమానం ముందు ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌కి మనం అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల) మీదే. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి వాడండి, మనం పర్మిషన్ ఇస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. ఫైర్‌ఫాక్స్ అయితే హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, అందులోనూ ఎక్స్‌టెన్షన్లు ఆఫ్‌లో ఉంటాయి. అలా వాడినప్పుడు బాగుంటే దొంగ దొరికినట్టే, అన్నీ ఆఫ్ చేసి ఒక్కోటి ఆన్ చేస్తూ కాస్త వాడి చూడండి, ఓపిక కావాలి గానీ ఇదే సరైన దారి.

అయినా తగ్గకపోతే సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (బొమ్మలు, వీడియోల పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్) ఆఫ్ చేసి బ్రౌజర్ మళ్లీ తెరవండి, వీడియోలు చూసేటప్పుడే క్రాష్ అవుతుంటే ముఖ్యంగా ఇది చేయాలి, ఎందుకంటే గ్రాఫిక్స్ డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) పాతదైతే అక్కడే తన్నుకుంటుంది. డ్రైవర్, బ్రౌజర్ రెండూ అప్‌డేట్ చేయండి.

ఆ తర్వాత బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ (మన బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగ్స్ అన్నీ దాచుకునే చోటు) పెట్టి చూడండి. అందులో బాగా నడిస్తే పాత ప్రొఫైల్ పాడైనట్టు, బుక్‌మార్కులు ఎక్స్‌పోర్ట్ చేసుకుని కొత్తదానికి మారిపోండి, పాస్‌వర్డ్‌లు కూడా మర్చిపోకుండా తీసుకోండి. రీఇన్‌స్టాల్ అన్నిటికంటే ఆఖర్న.