డే కేర్ సర్జరీ సెంటర్ల జీతాల సర్వే నింపే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని బరంపురం, రాయగడ, జయపురం వైపు డే కేర్ సర్జరీ సెంటర్లలో (ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపేవి) లెక్కలు చూసేవాళ్లు జీతాల సర్వే ఫారం రాగానే నింపేయకండి. అడిగేది ఎవరు, మన సెంటర్ పేరు బయటపెడతారా లేక అందరివీ కలిపి సగటే చూపిస్తారా, రిపోర్టు మనకీ ఇస్తారా, ఇవి ముందే తేల్చుకోండి.

స్టాఫ్ పేర్లు, ఆధార్, బ్యాంకు నంబర్లు అస్సలు ఇవ్వొద్దు. ఒక్కరే ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ ఉన్నచోట హోదా రాస్తే పేరు రాసినట్టే, అందుకే ఊరు బదులు రాష్ట్రం రాస్తే సరిపోతుందేమో అడగండి.

అసలు తికమక జీతం దగ్గరే. బేసిక్కా (మూల జీతం), గ్రాసా (అలవెన్సులు కలిపి, కోతలకు ముందు మొత్తం), చేతికొచ్చేదా? పీఎఫ్ కింద 12 శాతం, జీతం 21,000 లోపైతే ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద 0.75 శాతం ఉద్యోగి వాటా కోత పడుతుంది కాబట్టి, గ్రాస్ అడిగినచోట చేతికొచ్చేది రాస్తే మన నర్సుల జీతం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. యజమాని కట్టే 3.25 శాతం ఈఎస్ఐ మాత్రం బెనిఫిట్ల కింద చూపించండి, చాలామంది ఇది వదిలేస్తారు.

విశాఖ నుంచి వచ్చే సర్జన్‌కి, మత్తు డాక్టరుకి కేసుకింత అని ఇచ్చేది నెల జీతాల్లో కలపకండి. పూటపని నర్సుల గంటలు విడిగా రాయండి.

పండగ బోనస్ ఇచ్చిన నెల లెక్క తీసుకోవద్దు. మన నర్సులు విశాఖ వెళ్లిపోకుండా జీతాలు సరిచేయాలంటే ఈ అంకెలు నిజమైనవై ఉండాలి. పంపేముందు ఒక కాపీ దాచుకోండి.