క్లాస్ యాక్షన్ సెటిల్మెంట్ డబ్బు: ఫారం నింపడం తేలికే, ఆ తర్వాత వచ్చే నోటీసే అసలు గండం

అమెరికాలో ఉంటున్నవాళ్లకు, కొన్నేళ్లు ఉండి ఇంటికి తిరిగొచ్చినవాళ్లకు ఈ రకం మెయిల్ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఫలానా కంపెనీ మీద దావా సెటిల్ అయిందని, అందులో మీకూ వాటా ఉండొచ్చని, ఫలానా తేదీలోగా క్లెయిమ్ వేయమని. చాలామంది ఫేక్ అనుకుని డిలీట్ చేస్తారు. కొందరేమో అచ్చం ఇలాగే ఉండే ఫేక్ మెయిల్‌ను నమ్మి బ్యాంకు వివరాలు ఇచ్చేస్తారు. ఇంకొందరు వాట్సాప్ గ్రూపులో ఎవరో "నేను ఫైల్ చేసి పెడతా, 30 శాతం ఇవ్వండి" అంటే సరేనంటారు. ఈ మూడు రకాల నష్టాలూ మనవాళ్లకు జరుగుతున్నాయి. అందుకే ఈ పద్ధతి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందు విషయం క్లుప్తంగా. కంపెనీలు కుమ్మక్కై ధరలు పెంచడం, పోటీని అణచడం అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టం ప్రకారం నేరం. నష్టపోయిన కొనుగోలుదారుల్లో కొద్దిమంది అందరి తరఫునా దావా వేస్తారు. దాన్నే క్లాస్ యాక్షన్ అంటారు, ఆ అందరినీ కలిపి క్లాస్ అంటారు. చాలా కేసుల్లో కంపెనీ తప్పు ఒప్పుకోకుండానే కొంత సొమ్ము కట్టి రాజీ పడుతుంది, అదే సెటిల్మెంట్. ఆ సొమ్ము పంచడానికి కోర్టు ఆమోదంతో ఒక అడ్మినిస్ట్రేటర్ సంస్థ ఉంటుంది. జేఎన్‌డీ, ఎపిక్, ఆంజియన్, క్రోల్ వంటి పేర్లు మెయిల్‌లో కనిపిస్తే అవి ఈ పనిచేసే నిజమైన సంస్థలే. కాకపోతే ఆ పేర్లు మోసగాళ్లూ వాడుకుంటారు కాబట్టి పేరు చూసి మాత్రమే నమ్మకండి.

అసలు క్లెయిమ్ వేయాలా, అక్కర్లేదా?

ఇది మొదట తేల్చుకోవాలి. కొన్ని సెటిల్మెంట్లలో ఫారమే ఉండదు. ఈ-బుక్స్ ధరల కేసులో 2016లో ఆపిల్ కట్టిన డబ్బు చాలామంది పాఠకుల అమెజాన్ ఖాతాల్లో నేరుగా క్రెడిట్‌గా పడింది. బెస్ట్ సెల్లర్ పుస్తకానికి 6.93 డాలర్లు, మిగతా చాలా పుస్తకాలకు 1.57 డాలర్లు. గూగుల్ ప్లే స్టోర్ మీద రాష్ట్రాలు వేసిన కేసు 70 కోట్ల డాలర్లకు సెటిల్ అయింది. అందులో 63 కోట్లు కొనుగోలుదారులకు. అదీ ఎక్కువమందికి దరఖాస్తు లేకుండానే, పేపాల్ లేదా వెన్మో అనే పేమెంట్ యాప్‌ల ద్వారా ఇచ్చేలా ఏర్పాటు చేశారు. ఇలాంటి కేసులో "ఫైల్ చేసిపెడతా" అని ఎవరైనా డబ్బు అడిగితే, లేని పనికి కూలి అడుగుతున్నట్టే.

బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ ఆరోగ్య బీమా కేసు దీనికి భిన్నం. 267 కోట్ల డాలర్ల సెటిల్మెంట్. 2021 నవంబర్ 5 లోగా క్లెయిమ్ వేయాలన్నారు. బీమా కార్డు మీద వేరే పేరు ఉండటంతో తమది బ్లూ క్రాస్ కిందికి వస్తుందని తెలియక వదిలేసినవాళ్లు ఎందరో. పైగా అందులో పాలసీ ఎవరి పేరున ఉందో వాళ్లే అర్హులు. హెచ్-4 మీద ఉన్న భార్య గానీ భర్త గానీ డిపెండెంట్‌గా అదే కార్డులో ఉంటే విడిగా క్లెయిమ్ లేదు.

ఇంకో మాట. క్లెయిమ్ వేయాల్సిన కేసులో నోటీసు వచ్చాక ఏమీ చేయకుండా ఊరుకుంటే "నాకొద్దులే" అన్నంత తేలికగా పోదు. క్లాస్ నుంచి తప్పుకుంటున్నానని గడువులోగా రాసి పంపకపోతే, అదే విషయం మీద ఆ కంపెనీని మళ్లీ అడిగే హక్కు కూడా పోతుంది. డబ్బూ రాదు, హక్కూ మిగలదు.

ఏ రాష్ట్రంలో కొన్నారన్నది ఎందుకు అడుగుతారు

ఫారంలో కొన్నప్పుడు ఏ రాష్ట్రంలో ఉన్నారో అడిగితే ఏదో ఫార్మాలిటీ అనుకుంటారు. కాదు. 1977లో ఇల్లినాయ్ బ్రిక్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కుమ్మక్కైన కంపెనీ దగ్గర నేరుగా కొన్నవాళ్లే ఫెడరల్ చట్టం కింద నష్టపరిహారం అడగాలి. మనం టీవీ కొనేది షాపులో. ధర పెంచింది లోపలి ప్యానెల్ తయారుచేసినవాళ్లు. అలాంటి కొనుగోలుదారులకు దారి ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల చట్టాల మీద ఆధారపడుతుంది. కాలిఫోర్నియా ఇస్తుంది, టెక్సస్ ఇవ్వదు. ఎల్‌సీడీ ప్యానెళ్ల కేసులో 100 కోట్ల డాలర్లు దాటిన సెటిల్మెంట్ 24 రాష్ట్రాలకు, వాషింగ్టన్ డీసీకి మాత్రమే వర్తించింది. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మానిటర్ కొన్నాయనకు వాటా ఉంది. అదే మానిటర్ టెక్సస్‌లోని డల్లాస్‌లో కొన్నాయనకు ఆ ఒప్పందంలో చోటు లేదు. కాబట్టి ఇప్పుడు ఎక్కడున్నారన్నది కాదు, కొన్న రోజున ఎక్కడున్నారో అదే రాయండి. డబ్బొస్తుంది కదా అని రాష్ట్రం మార్చి రాయకండి. ఫారం చివర మీరు పెట్టే సంతకం, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని చెప్పే ప్రమాణం. వీసా మీద ఉన్నవాళ్లు ఆ నాలుగు డబ్బుల కోసం అంత రిస్క్ అస్సలు తీసుకోవద్దు.

ఫారం నింపడం పది నిమిషాల పని. నోటీసులో ఉన్న క్లెయిమ్ ఐడీ, పిన్ కొట్టాలి, పేరు, అప్పటి చిరునామా, ఇప్పటి చిరునామా, ఏం కొన్నారు, డబ్బు ఎలా కావాలి. చివర వచ్చే కన్ఫర్మేషన్ నంబరును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇది మరిచిపోవద్దు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే

ఫారం పంపాక కొన్ని నెలలకు, ఒక్కోసారి ఏడాది దాటాక, రెండో మెయిల్ వస్తుంది. దాన్ని డెఫిషియెన్సీ నోటీస్ అంటారు. మీ క్లెయిమ్‌లో ఫలానాది సరిపోలేదు, ఫలానా తేదీలోగా సరిచేయండి అని. జవాబివ్వకపోతే క్లెయిమ్ కొట్టేస్తారు. ఫ్రిస్కోలో ఉండే ఒక పరిచయస్తుడు ఇలాంటిదే నాకు ఫార్వర్డ్ చేశాడు. "అన్నా, నేను ఎప్పుడో నింపేశా కదా, మళ్లీ కాగితాలు అడుగుతున్నారంటే ఇది కచ్చితంగా ఫేకే" అని. చూస్తే అందులో అతని క్లెయిమ్ నంబరు ఉంది, స్క్రీన్‌షాట్‌లోని నంబరుతో కలిసింది. కారణం ఒక్క లైను: చిరునామా రికార్డుతో సరిపోలలేదు. కొన్నప్పుడు అతను వేరే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు, ఫారంలో మాత్రం ఇప్పటి ఇల్లు రాశాడు. పాత లీజు మొదటి పేజీ, అప్పటి కరెంటు బిల్లు అప్‌లోడ్ చేస్తే క్లెయిమ్ నిలిచింది.

మనవాళ్లకు ఈ నోటీసు రావడానికి చిరునామా తర్వాత పెద్ద కారణం పేరు. క్రెడిట్ కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, అకౌంట్‌లో రెండూ తారుమారు. పెళ్లయ్యాక పేరు మారినవాళ్లకు ఇంకా తలనొప్పి. నోటీసు ఏ పేరున వచ్చిందో, అక్షరం పొల్లుపోకుండా అదే పేరుతో క్లెయిమ్ వేయండి. ఇప్పటి పేరు వేరైతే రెండు పేర్లూ కలిపే కాగితం ఒకటి, అంటే మ్యారేజ్ సర్టిఫికెట్ లాంటిది, ముందే స్కాన్ చేసి పెట్టుకోండి. భార్యాభర్తలు ఇద్దరూ విడివిడిగా అర్హులైతే ఇద్దరి క్లెయిమ్‌కూ ఒకే పేపాల్ మెయిల్ ఇవ్వకండి, డూప్లికేట్ అని పక్కన పెట్టే ప్రమాదం ఉంది.

ఇక కొన్నట్టు రుజువు. పదేళ్ల నాటి రసీదు ఎవరి దగ్గరా ఉండదు, అందుకు టెన్షన్ పడనక్కర్లేదు. రసీదే కావాలని అన్నిచోట్లా అడగరు. కార్డు స్టేట్‌మెంట్, ఆన్‌లైన్ ఆర్డర్ హిస్టరీ చాలా కేసుల్లో ఒప్పుకుంటారు. జనరిక్ మందుల ధరలు కుమ్మక్కై పెంచారంటూ కనెక్టికట్ ముందుండి రాష్ట్రాలు వేసిన దావాలు చూడండి. మన హైదరాబాద్ కంపెనీలు అరబిందో, డాక్టర్ రెడ్డీస్‌లను కూడా అందులో ప్రతివాదులుగా చేర్చారు. అపోటెక్స్, హెరిటేజ్ కంపెనీలు రాష్ట్రాలతో రాజీ పడ్డాయి. ఆ సెటిల్మెంట్‌కు 2009 మే నుంచి 2019 డిసెంబర్ దాకా కొన్న మందులు లెక్కకొస్తాయి. ఇలాంటప్పుడు ఫార్మసీకి వెళ్లి అడిగితే వాళ్ల రికార్డులో ఉన్నంత మేరకు మీ పేరున కొన్న మందుల ప్రింటు ఇస్తారు. అది అడగడం మీ హక్కు.

మరి నోటీసు అసలుదా నకిలీదా ఎలా తెలుస్తుంది? మెయిల్‌లోని లింకు నొక్కకండి. కోర్టు పేరు, కేసు నంబరు విడిగా వెతకండి. కోర్ట్‌లిసనర్ (CourtListener) అనే ఉచిత సైట్‌లో చాలా ఫెడరల్ కేసుల వివరాలు దొరుకుతాయి. రాష్ట్రాలు వేసిన కేసైతే ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ సైట్‌లో ప్రకటన ఉంటుంది. అక్కడ రాసి ఉన్న సెటిల్మెంట్ సైట్ అడ్రసు మీ చేత్తో టైప్ చేసి తెరవండి. అక్కడి ఫోన్ నంబరుకే చేయండి. డబ్బు ఇవ్వడానికి ముందు ప్రాసెసింగ్ ఫీజు అడిగితే అది మోసం. బ్యాంకు పాస్‌వర్డ్, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అడిగితే మోసం. ఇందులో మినహాయింపులు లేవు.

డబ్బు చేతికొచ్చేదాకా

ఓపిక కావాలి. బ్లూ క్రాస్ కేసులో క్లెయిమ్ గడువు 2021లో ముగిస్తే, అప్పీళ్లన్నీ దాటి 2024 జూన్‌లో సుప్రీంకోర్టు కేసు వినబోమని చెప్పేదాకా ఒప్పందం ఖాయం కాలేదు. ఈలోగా ఉద్యోగం మారుతుంది, ఇల్లు మారుతుంది, కొందరికి దేశమే మారుతుంది. కంపెనీ మెయిల్ ఐడీ ఇచ్చినవాళ్లకు ఆ మెయిలే ఉండదు. సొంత మెయిల్ ఇవ్వండి. చిరునామా మారిన ప్రతిసారీ అడ్మినిస్ట్రేటర్‌కు క్లెయిమ్ నంబరుతో రాయండి.

ఇండియాకు వచ్చేసినవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. వెన్మో, అలాంటిదే అయిన జెల్, రెండూ అమెరికాలోని ఖాతాలకే. హైదరాబాద్ చిరునామాకు డాలర్ చెక్కు తెప్పించుకుంటే బ్యాంకు దాన్ని కలెక్షన్‌కు, అంటే అమెరికా బ్యాంకు నుంచి డబ్బు రాబట్టడానికి, పంపుతుంది. చిన్న మొత్తమైతే ఆ ఛార్జీలకే సరిపోతుంది. అమెరికా బ్యాంకు ఖాతా ఒకటి బతికించి ఉంచుకుంటే ఆ తంటా లేదు. చెక్కు వస్తే దాని మీద తేదీ చూడండి, సాధారణంగా 90 రోజులు దాటితే చెల్లదు. అప్పుడు కూడా వెంటనే మళ్లీ ఇవ్వమని రాసి అడగవచ్చు. నిధి ఇంకా మూయకపోతే ఇస్తారు.

మధ్యవర్తుల గురించి ఒక్కటే. క్లెయిమ్ వేయడం ఉచితం. దుకాణాలవాళ్లకు సంబంధించిన వీసా, మాస్టర్‌కార్డ్ ఫీజుల సెటిల్మెంట్‌లో కమిషన్ మీద ఫైల్ చేసే సంస్థలు ఎంతలా పుట్టుకొచ్చాయంటే, న్యూయార్క్ ఫెడరల్ కోర్టే వాటి ప్రకటనల మీద కలగజేసుకోవాల్సి వచ్చింది. ఊళ్లో తెలిసినాయన తన మెయిల్, తన పేపాల్ పెట్టి మీ పేరున ఫైల్ చేస్తే, డబ్బు వెళ్లేది ఆయనకు, ప్రమాణం మాత్రం మీది.

ఎప్పుడూ అమెరికాలో ఉండని, అక్కడ ఏమీ కొననివాళ్లకు తెలుగు రాష్ట్రాల్లో ఈ పేరుతో వాట్సాప్ మెసేజ్ వస్తే పట్టించుకోకండి. మన దగ్గర కాంపిటీషన్ కమిషన్ 2022లో ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అలాంటి జరిమానాలు ప్రభుత్వ ఖజానాకు వెళ్తాయి, ఫోన్ కొన్నవాళ్లకు పంచరు. కాంపిటీషన్ చట్టంలోని 53ఎన్ సెక్షన్ కింద నష్టపరిహారం అడిగే వీలుంది గానీ, దానికి అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. లింకు నొక్కితే వచ్చేది కాదు.

గడువు దాటిపోయిందని తెలిస్తే కూడా ఒకసారి క్లెయిమ్ పంపి చూడండి. ఆలస్యంగా వచ్చినవాటిని తీసుకోవాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం, తీసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఎందుకు ఆలస్యమైందో నిజం రెండు లైన్లలో రాసి జతచేయండి.