మారిషస్‌లో ఇంటి మీద సోలార్: ఏది ముందు, ఏది తర్వాత

మారిషస్‌లో మన తెలుగువాళ్లు ఎవరు ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే: "ఎన్ని కిలోవాట్లు పెట్టించమంటారు?" ఇళ్ల మీద సోలార్ డిజైన్ చేయడం నా పని కాబట్టి నన్నే అడుగుతారు. కాకినాడలో చదువుకుని, పెళ్లయ్యాక ఇక్కడ కాత్ర్ బోర్న్‌లో స్థిరపడ్డాను. కిలోవాట్ల లెక్క ఆఖరున చూసుకుందామని అందరికీ చెబుతాను. ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. వాటిని వదిలేసి ప్యానెళ్లు కొంటే డబ్బూ దండగ, దీవికీ లాభం లేదు.

అసలు ఇక్కడి కరెంటు సంగతి తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చిన్న దీవులన్నీ కలుపుకుని దేశం మొత్తం 2,040 చదరపు కిలోమీటర్లు, జనాభా దాదాపు పన్నెండున్నర లక్షలు. చుట్టూ సముద్రమే కాబట్టి కరెంటు తక్కువైతే అరువిచ్చే పొరుగు లేదు. కర్నూలు మీద మబ్బు పడితే ఆ లోటు ఇంకెక్కడి నుంచో పూడుతుంది, ఎందుకంటే 2013 డిసెంబరు 31న దక్షిణాది గ్రిడ్ కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసిపోయింది. పైగా కర్నూలు సోలార్ పార్క్ ఒక్కదాని సామర్థ్యమే 1,000 మెగావాట్లు. మారిషస్‌లో అందరూ ఏసీలు వేసుకున్న రోజున కూడా డిమాండు ఐదారు వందల మెగావాట్లే. ఇంత చిన్న గ్రిడ్‌లో పడమటి తీరం మీద ఒక పెద్ద మబ్బు వచ్చినా కంట్రోల్ రూమ్‌లో టెన్షనే. సోలార్ తగ్గిన మరుక్షణం ఫ్రీక్వెన్సీ పడిపోకుండా నిలబెట్టడానికే ఇక్కడి విద్యుత్ సంస్థ సీఈబీ పెద్ద బ్యాటరీలు పెట్టుకుంది.

వాడే కరెంటులో ఐదింట నాలుగు వంతులు ఓడల్లో దిగే బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ మండించగా వచ్చేదే. మిగతా దాంట్లో ఇంచుమించు సగం చెరకు పిప్పి. జూన్ నుంచి డిసెంబరు దాకా చెరకు ఆడినన్నాళ్లూ ఫ్యాక్టరీల పక్కనున్న ప్లాంట్లలో పిప్పి మండుతుంది. సీజన్ అయిపోగానే అవే ప్లాంట్లు బొగ్గుకు మారతాయి. 2030 నాటికి 60 శాతం కరెంటు పునరుత్పాదక వనరుల నుంచే రావాలని, బొగ్గు పూర్తిగా మానేయాలని ప్రభుత్వం 2021లో ప్రకటించింది. ఇప్పుడున్న చోటి నుంచి చూస్తే అది చాలా ఎత్తైన మెట్టు. అయినా ఎక్కాల్సిందే. 2020 ఆగస్టులో వకాషియో ఓడ నుంచి వెయ్యి టన్నుల దాకా ఇంధనం లగూన్‌లోకి, అంటే పగడపు దిబ్బల లోపలి సముద్రంలోకి, కారినప్పుడు, చెరకు ఆకులు కుక్కిన మూటలు కుట్టి దాన్ని ఆపడానికి నీళ్లలోకి దిగింది ఇక్కడి తీరం ఊళ్ల జనమే. చమురు ఏం చేస్తుందో వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వద్దాం. ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలాయో ఒక కాగితం మీద రాసుకోండి. రూపాయలు కాదు, యూనిట్లు. ఇక్కడ ఎండాకాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కాబట్టి ఆ నెలల్లో ఏసీ వల్ల అంకె పెరుగుతుంది. జూలై, ఆగస్టుల్లో కూడా పెరిగిందంటే దాదాపుగా స్నానాల నీళ్ల హీటరే కారణం. క్యూర్‌పిప్ లాంటి ఎత్తు ప్రాంతాల్లో చలి బాగా ఉంటుంది, మా అత్తయ్యగారైతే ఆ రెండు నెలలూ స్వెట్టర్ విప్పరు.

అందుకే సోలార్‌లో మొదటి ఖర్చు ప్యానెళ్ల మీద కాదు, సోలార్ వాటర్ హీటర్ మీద పెట్టండి. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు అనుకుందాం. కరెంటు హీటర్‌కే అందులో ఓ వంద పోతాయి. వాటర్ హీటర్ పెడితే మిగిలేది 200, అంటే రోజుకు ఆరేడు యూనిట్లు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు తీరప్రాంతంలో రోజుకు సగటున నాలుగు యూనిట్ల చుట్టుపక్కల ఇస్తాయి కాబట్టి ఒకటిన్నర, రెండు కిలోవాట్లతో సరిపోతుంది. వాటర్ హీటర్ లేకపోతే ఇదే ఇంటికి రెండున్నర కావాలి. ప్రభుత్వం కూడా వీటి మీద గట్టిగానే దృష్టి పెట్టింది. 2008 నుంచి పలు విడతల్లో డెవలప్‌మెంట్ బ్యాంక్ ద్వారా గ్రాంట్లు ఇచ్చింది. మీరు కొనే సమయానికి గ్రాంటు నడుస్తోందో లేదో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి. హీటర్‌లో ఎండ లేనప్పుడు కరెంటుతో నీళ్లు కాచే బ్యాకప్ కాయిల్ ఉంటే టైమర్ తప్పకుండా పెట్టించండి. దీవి మొత్తం దీపాలు వేసుకుని వంటకు దిగే సాయంత్రం పూట అది దానంతటది ఆన్ కాకూడదు.

తర్వాత మేడ ఎక్కండి. ఒక్క పొరపాటు మాత్రం ఇండియా నుంచి వచ్చిన మనవాళ్లలో తరచూ చూస్తుంటాను: అలవాటు కొద్దీ ప్యానెళ్లను దక్షిణం వైపు వంచమంటారు. మారిషస్ భూమధ్యరేఖకు దిగువన 20 డిగ్రీల దగ్గరుంది కాబట్టి ప్యానెళ్లు ఉత్తరం వైపు చూడాలి. ఉదయం తొమ్మిదింటికి, మధ్యాహ్నం మూడింటికి మేడ మీద నిలబడి నీడలు ఎక్కడ పడుతున్నాయో ఫోన్‌లో ఫొటో తీయండి. నల్ల నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి లిచీ చెట్టు నీడ, టీవీ డిష్ నీడ అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇది జూన్‌లో ఒకసారి చేస్తే మరీ మంచిది, అప్పుడే సూర్యుడు బాగా కిందుగా ఉంటాడు.

మేడ మీద చూడాల్సింది ఇంకోటి ఉంది. ఇక్కడ చాలా ఇళ్ల స్లాబుల మీద స్తంభాల ఇనుప చువ్వలు పైకి వదిలేసి కనిపిస్తాయి. కొడుక్కో కూతురికో పెళ్లయితే పైన ఇంకో అంతస్తు వేద్దామని. మీ ఇల్లూ అలాంటిదే అయితే ఇంట్లో అందరూ కూర్చుని ముందే తేల్చుకోండి. ప్యానెళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఉండేవి. నాలుగేళ్లకే విప్పి, పైన గది కట్టి, మళ్లీ బిగించాలంటే కూలీ, స్లాబు లీకులు, కొత్త ఫ్రేములు అన్నీ మీ నెత్తినే. గ్యారేజీ స్లాబు మీదో, మెట్ల గది మీదో చోటుంటే అక్కడ తక్కువ కిలోవాట్లతో సరిపెట్టుకోమంటాను.

తుఫాను మాట సరేసరి. 1975 ఫిబ్రవరిలో జెర్వేజ్ తుఫాను వచ్చినప్పుడు ఈదురుగాలి గంటకు 280 కిలోమీటర్లు నమోదైంది. ఇన్‌స్టాలర్‌ను "మీ ఫ్రేము ఎంత గాలికి లెక్కగట్టారు?" అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. "ఏం కాదండీ, గట్టిగానే ఉంటుంది" అంటే అది జవాబు కాదు. బోల్టు దింపిన ప్రతి చోటా వాటర్‌ప్రూఫింగ్ చేశారా అని మీరే వంగి చూడండి. ఉప్పుగాలి తగిలే చోట మామూలు ఇనుప నట్లు ఏడాది తిరక్కుండా తుప్పుపడతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం తప్ప వేరేది ఒప్పుకోవద్దు.

ఇక అనుమతి. సామాను కొన్న తర్వాత కాదు, ముందే. చిన్న వినియోగదారులు గ్రిడ్‌కు సోలార్ కలుపుకునే పథకం 2010లో మొదలైంది. గరిష్ఠంగా 50 కిలోవాట్ల వరకు దానికో గ్రిడ్ కోడ్, అంటే కలుపుకునే నిబంధనలు, ఉంది. అప్పటి నుంచి సీఈబీ రకరకాల పథకాలు తెస్తూ, కోటా నిండగానే మూసేస్తూ వస్తోంది. కొన్నింట్లో మీరు పంపిన యూనిట్ వాడిన యూనిట్‌కు చెల్లు. కొన్నింట్లో పంపినదానికి ఒక ధర, తీసుకున్నదానికి ఇంకో ధర. సంతకం చేసే ముందు అడగాల్సినవి మూడే: మిగులు యూనిట్లకు ఏమిస్తారు, అవి ఎప్పటిదాకా నిలవ ఉంటాయి, ఒప్పందం ఎన్నేళ్లు. రెండో రకం పథకమైతే పెద్ద సిస్టమ్ పెట్టి అమ్ముకుందామన్న ఆశ వదులుకోండి. పగలు మీ ఇంట్లో ఖర్చయ్యేదానికి సరిపడా పెట్టుకుంటే అదే గిట్టుబాటు. చిన్న గ్రిడ్‌కు కూడా కావాల్సింది అదే, మధ్యాహ్నం అందరూ ఒకేసారి తోసే మిగులు దానికి మోయలేని బరువు.

తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలు సొంత డబ్బు పెట్టే ముందు సీఈబీ అనుబంధ సంస్థ నడిపిన హోమ్ సోలార్ ప్రాజెక్టు లాంటివి ఉన్నాయేమో కనుక్కోవాలి. అందులో పదివేల ఇళ్ల మీద ఒక్కో కిలోవాట్ చొప్పున పెట్టి, ఇరవై ఏళ్లపాటు నెలకు 50 యూనిట్లు ఉచితంగా ఇవ్వాలన్నది ఏర్పాటు. పేదింటి కప్పుకు విలువ కట్టిన పథకం కాబట్టి నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇదంతా వదిలేసి, ఫ్రిజ్ కొనేటప్పుడు ఎనర్జీ లేబుల్ చూసుకుంటే చాలు.

బ్యాటరీ కావాలా అని చాలామంది అడుగుతారు. గ్రిడ్ కరెంటు పోతే మామూలు సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. కాబట్టి ఎండ కాస్తున్నా ఇల్లు చీకటే. ఇంట్లో ఆక్సిజన్ మిషనో, ఇన్సులిన్ పెట్టిన ఫ్రిజ్జో ఉంటే బ్యాటరీ పెట్టుకోవాల్సిందే. లేకపోతే పగటిపూట వాడకం పెంచుకోవడమే మేలు: వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, నీళ్ల మోటారు, రుబ్బుడు అన్నీ పది నుంచి రెండు మధ్య పెట్టుకోండి. బ్యాటరీ కొంటే మాత్రం చౌక లెడ్ యాసిడ్‌ది వద్దు, త్వరగా పాడై చెత్తలో చేరుతుంది. దీవికంతటికీ ఉన్న చెత్త డంపు మార్ షికోజ్ ఒక్కటే, అదీ నిండిపోయే స్థితికి వచ్చింది. పాత బ్యాటరీ వెనక్కి తీసుకుంటామని అమ్మేవాళ్ల చేత బిల్లు మీద రాయించుకోండి.

అన్నీ బిగించాక ఇన్‌స్టాలర్ వెళ్లిపోయే ముందు ఆఫ్ చేసే వరుస మీ చేత ఒకసారి చేయించుకోండి: ముందు ఇన్వర్టర్ నుంచి ఇంటికి వెళ్లే ఏసీ కరెంటు స్విచ్, తర్వాత ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటును ఆపే స్విచ్ (ఐసోలేటర్). తుఫాను రెండో స్థాయి హెచ్చరిక ఇచ్చినప్పుడే అది చేసేయాలి, మూడోది వచ్చాక మేడ ఎక్కే సాహసం చేయొద్దు. హెచ్చరిక ఎత్తేశాక కూడా వెంటనే ఆన్ చేయకండి. కింది నుంచే ప్యానెళ్లు చూడండి. గాజు పగిలినా, క్లాంపు ఊడినా, ఐసోలేటర్ డబ్బాలో తడి కనిపించినా చెయ్యి పెట్టకుండా ఇన్‌స్టాలర్‌ను పిలవండి. ఎండ ఉన్నంతసేపు ఆ తీగల్లో కరెంటు ఉంటుంది.