వరికోతల కాలంలో దక్షిణ తెలంగాణ దారులపై సైకిల్ యాత్ర: ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు

అక్టోబరు చివరి వారం నుంచి సంక్రాంతి వరకు మన ప్రాంతంలో సైకిల్ తొక్కడానికి ఎంతో అనువైన కాలం. ఎండ తీవ్రత తగ్గి ఉంటుంది, చెరువులు నిండి ఉంటాయి. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో హాలియా, మిర్యాలగూడ దారులైనా, దేవరకొండ గుట్టల చుట్టూ తిరిగే దారులైనా, జూరాల నుంచి గద్వాల వైపు సాగే దారి అయినా కంటికి పండుగగా ఉంటాయి. అయితే సరిగ్గా ఈ వారాల్లోనే ఊళ్ల మధ్య తారురోడ్లు రైతులకు కల్లాలుగా మారుతాయి. వేగాన్ని, బయలుదేరే వేళను, ఎంచుకునే దారిని ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోవాలి.

కొనుగోలు కేంద్రంలో వడ్లు తూకం వేయాలంటే తేమ 17 శాతానికి మించకూడదు. మిషన్‌తో కోసిన వడ్లు అంతకన్నా ఎక్కువ తేమతో ఇంటికి చేరుతాయి. ఊరి కల్లాలు అందరికీ సరిపోవు కాబట్టి, ఎండకు వేడెక్కే తారురోడ్డే రైతుకు దిక్కవుతుంది. రోడ్డులో సగం వెడల్పున చాలా దూరం వడ్లు ఆరబోసి, వాహనాలు ఎక్కకుండా అంచున బండరాళ్లు పేరుస్తారు. సాయంత్రం వాటిని కుప్పలుగా చేసి పట్టాలు కప్పుతారు. సన్నని టైర్ల సైకిల్‌కు ఇందులో మూడు ప్రమాదాలున్నాయి. పలుచగా చెదిరిన గింజల మీద టైరుకు పట్టు దొరకదు. నల్లని పట్టా కప్పిన కుప్ప చీకట్లో కనిపించదు. వడ్లు ఎత్తుకుపోయిన తరువాత కూడా రాళ్లు రోడ్డు మీదే మిగిలిపోతాయి. వీటిలో మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు గాని, నా అనుభవంలో తెల్లవారుజామున ఎక్కువగా ఎదురయ్యేది అదే.

కుప్ప కనిపించగానే, అంటే దాన్ని చేరడానికి చాలా ముందే, వేగం తగ్గించుకోవాలి. గింజల మీదికి ఎక్కిన తరువాత బ్రేకు వేయకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, నిటారుగా పోనిచ్చి బయటపడాలి. నాలుగేళ్ల కిందట హాలియా దాటిన తరువాత ఒక మలుపులో నేను ముందు బ్రేకు నొక్కి పడిపోయాను. మోచేయి చర్మం లేచిపోయి, అక్కడి రైతు కుటుంబం నీళ్లు పోసి కడిగేంత వరకు నాకు ఏం జరిగిందో అర్థం కాలేదు. మిగిలిన సగం రోడ్డులోకి జరగవలసి వచ్చినప్పుడు వెనక్కి చూసి, ఎదురుగా లారీ వస్తుంటే దిగి నిలబడి, అది వెళ్లిన తరువాతే కదలాలి. ఆరబోసిన వడ్లను తొక్కకుండా వెళ్లడం మన భద్రత కోసమే కాదు, అవి ఆ ఇంటి ఆరు నెలల కష్టం కూడా. వడ్లు తిరగేస్తున్న వారు వాహనాలకు వీపు పెట్టి ఉంటారు కాబట్టి దూరం నుంచే గంట కొట్టి, పలకరించి ముందుకు సాగాలి.

చీకట్లో ఈ దారులపై ప్రయాణించవద్దని నేను గట్టిగా చెబుతాను. డిసెంబరులో సాయంత్రం 5:40 ప్రాంతంలోనే పొద్దుగూకుతుంది. ఆ వేళ వెనుక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు వెడల్పంతా ఆక్రమించే కోతమిషన్లు, ఇరువైపులా ఉబ్బిన పత్తి లోడుతో వచ్చే డీసీఎం వ్యాన్లు ఒకేసారి రోడ్డెక్కుతాయి. వరికొయ్యలు కాల్చిన పొలాల పక్కన పొగ రోడ్డును కమ్మేస్తుంది. ఉదయం కాలువ గట్ల వెంట మంచు పట్టి ఉంటే, దూరాన ఉన్న మనిషి స్పష్టంగా కనిపించే దాకా బయలుదేరకూడదు. పగలైనా సరే వెనుక ఎర్ర లైటు వెలిగించి ఉంచడం, లేత రంగు చొక్కా వేసుకోవడం మంచిది.

టైర్ల విషయంలో మన నేలకు తగిన జాగ్రత్త వేరే ఉంది. వానలు వెలిసిన తరువాత రోడ్డు అంచుల్లో పల్లేరు కాయలు ఎండి రాలుతాయి, సర్కారు తుమ్మ నరికిన చోట ముళ్లు తారు మీదికే వస్తాయి. అందువల్ల ఫొటో కోసం సైకిల్‌ను మట్టి అంచులోకి దింపకుండా, ఎత్తి పట్టుకుని నడవాలి. కనీసం రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు వెంట ఉండాలి. ఊళ్లలోని పంక్చరు దుకాణాల్లో సన్నని టైర్లకు సరిపోయే ట్యూబు సాధారణంగా దొరకదు. కొత్త ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేళ్లతో మెల్లగా తడిమి ముల్లును తీయకపోతే, కిలోమీటరు వెళ్లేలోపే మళ్లీ గాలి పోతుంది.

కుక్కలు వెంటపడితే వేగం పెంచడం కన్నా దిగి, సైకిల్‌ను మధ్యలో అడ్డుగా ఉంచుకుని నడవడం మేలు. పాలమూరు వైపు గొర్లమందలు ఎదురైనప్పుడు పక్కకు ఆగి దారి ఇవ్వాలి, మందకు కాపలా ఉండే కుక్క దగ్గరికి వెళ్లకూడదు. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, గాయం చిన్నదైనా సరే, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి.

మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లే వారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు చెక్‌పోస్టు మూసి ఉంటుంది. దోమలపెంట వరకు 50 కిలోమీటర్లకు పైగా అడవే, చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. ఒంటరిగా వెళ్లకూడదు. చెక్‌పోస్టులో ఆనాటి పరిస్థితి అడిగి తెలుసుకోవాలి, మధ్యాహ్నానికే అడవి దాటేలా బయలుదేరాలి. కోతులు సంచీల కోసం మీదికి దూకుతాయి కాబట్టి తినుబండారాలు పైకి కనిపించకూడదు, వాటికి పెట్టకూడదు. శ్రీశైలం ఆనకట్ట వైపు ఘాట్ దిగే ముందు బ్రేకు రబ్బర్ల అరుగుదల చూసుకోవాలి. దిగేటప్పుడు బ్రేకును ఏకధాటిగా నొక్కి ఉంచకుండా మధ్యమధ్య వదులుతూ, ప్రతి మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.

హైదరాబాద్–విజయవాడ రహదారిని చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర దాటవలసి వస్తే దిగి నడిచి దాటాలి. సంక్రాంతికి ముందు నాలుగైదు రోజులు ఆ రహదారి మీదికి వెళ్లనే వద్దు. వెళ్లే దారిని, తిరిగి వచ్చే వేళను ఇంట్లో కాగితం మీద రాసి పెట్టాలి. ప్రమాదం జరిగితే 108కి చెప్పడానికి వీలుగా, దాటిన ఊరి పేరును, కిలోమీటరు రాయి మీది అంకెను గుర్తుపెట్టుకుంటూ సాగాలి. మధ్యాహ్నం 3 గంటలకు ఇంకా సగం దారి మిగిలి ఉంటే, దగ్గరి పట్టణంలో ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిల్‌ను అందులో ఎక్కించి ఇంటికి వచ్చేయాలి.