బ్యాంకు ఇ-వేలంలో పాట పెంపు దగ్గర ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

అప్పు తీర్చనివారి తాకట్టు ఆస్తిని బ్యాంకు అమ్ముకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం (2002) కింద బ్యాంకులు వేలం వేసే ఇళ్లు, స్థలాలకు ఒక్కో పాట కనీసం ఎంత పెరగాలో సేల్ నోటీసులోనే ఉంటుంది. దాన్నే బిడ్ ఇంక్రిమెంట్ అంటారు. ఇక్కడి లెక్కలన్నిటికీ రిజర్వు ధర (బ్యాంకు పెట్టిన కనీస ధర) రూ. 42,00,000, పెంపు రూ. 50,000 అనుకుందాం.

సమస్య: పాటను సిస్టమ్ తీసుకోవడం లేదు

కారణం: మొత్తం మెట్టు మీద లేదు, అంటే రిజర్వు ధరకు 50,000 చొప్పున కలుపుతూ పోతే వచ్చే అంకె కాదు. 43,00,000, 43,50,000 చెల్లుతాయి, 43,20,000 చెల్లదు. చాలా నోటీసుల్లో మొదటి పాటకే ఒక పెంపు కలపాలని ఉంటుంది. అప్పుడు 42,00,000 కూడా చెల్లదు, 42,50,000తోనే మొదలవ్వాలి.

పరిష్కారం: మొదటి పాట షరతు ముందే చదవండి. సరైన మొత్తాన్నీ తిరస్కరిస్తే, ఈలోగా ఇంకొకరు పాడేశారేమో పేజీ రిఫ్రెష్ చేసి చూడండి.

సమస్య: చేతిలో డబ్బుండగానే ఆస్తి చేజారింది

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. మీ హద్దు 44,80,000 అయితే మీరు పాడగల ఆఖరి మెట్టు 44,50,000. ఎదుటివారు 42,50,000తో మొదలుపెట్టి, ఇద్దరూ ఒక్కో మెట్టే పెంచుతూ పోతే మీకు 43,00,000, 44,00,000 వస్తాయి, 44,50,000 వారికి పోతుంది. తర్వాతి మెట్టు 45,00,000, అది మీ హద్దు దాటింది.

పరిష్కారం: వారు 43,50,000 దగ్గర ఉన్నప్పుడే రెండు మెట్లు కలిపి 44,50,000 పాడండి. మీరు 44,00,000 పాడితే వారు 44,50,000కి రాకుండానే ఆగిపోయేవారైతే మీకు 50,000 అదనంగా ఖర్చయినట్టే. అందుకే ఈ ఎత్తు ఆఖరి మెట్టుకే వాడాలి, మొదట్లో వద్దు. ఒకేసారి ఎన్ని మెట్లు దాటవచ్చో కొన్ని పోర్టళ్లు పరిమితి పెడతాయి, అదీ చూసుకోండి.

సమస్య: చివరి నిమిషంలో పాడినా గెలవలేదు

కారణం: ముగింపుకు ముందు, సాధారణంగా చివరి 5 లేదా 10 నిమిషాల్లో, పాట పడితే గడువు మళ్లీ అంతే పెరుగుతుంది. చివరి సెకనుదాకా కాచుకోవడం ఇక్కడ పనిచేయదు.

పరిష్కారం: మీ ఆఖరి మెట్టు కాగితం మీద రాసుకుని, పొడిగింపులు పూర్తయ్యేదాకా కూర్చోండి.

సమస్య: ఒక సున్నా ఎక్కువ పడింది

43,50,000 బదులు 4,35,00,000 కొట్టినా అదీ 50,000 మెట్టు మీదే ఉంటుంది. కాబట్టి మెట్ల పరిమితి లేని పోర్టల్‌లో సిస్టమ్ ఆపదు. నొక్కే ముందు అంకెను లక్షల్లో పైకి చదవండి. పొరపాటున అలాంటి పాట పడిపోతే వేలం ముగిసేలోపే బ్యాంకు అధీకృత అధికారికీ పోర్టల్ సహాయ కేంద్రానికీ ఫోన్ చేసి, ఈమెయిల్ కూడా పంపండి. పాట వెనక్కి తీసుకోవడం మీ హక్కు కాదు, నిర్ణయం వారిదే. పాట మీ పేరున ఖాయమైతే ధరావతుతో (వేలంలో చేరడానికి ముందే కట్టిన సొమ్ముతో) కలిపి పాట మొత్తంలో 25 శాతం అదే రోజు, లేదంటే మరుసటి పనిదినానికల్లా కట్టాలి. కట్టకపోతే ధరావతు పోతుంది.