ఏసీలో గ్యాస్ ఎలా పట్టించాలి? ముందు ఏం చూసుకోవాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తిరుపతిలో సరిగ్గా ఆ రోజుల్లోనే ఏసీలు మొరాయిస్తాయి. మెకానిక్ వచ్చి పైపు మీద చెయ్యి పెట్టి, "గ్యాస్ అయిపోయింది సార్, పట్టిద్దాం" అంటాడు. మా ఇంట్లో వరసగా మూడు వేసవులు ఇదే మాట విని, మూడుసార్లూ డబ్బు కట్టాం. బండిలో పెట్రోలులా ఏసీలో గ్యాస్ ఖర్చయిపోదని అప్పట్లో నాకు తెలీదు. ఉన్న గ్యాసే పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే.

ఫోన్ చేసే ముందు ఫిల్టర్లు కడగండి. దుమ్ము పట్టినా కాయిల్ మీద ఐసు కడుతుంది, దాన్నే గ్యాస్ తక్కువని చెప్పేస్తుంటారు.

తర్వాత మిద్దె మీదికెళ్లి ఔట్‌డోర్ యూనిట్ పక్కన అంటించిన స్టిక్కర్‌ను ఫొటో తీసుకోండి. ఏ గ్యాసో, ఎన్ని కిలోలో దాని మీదే ఉంటుంది. పాత ఏసీల్లో ఆర్-22, ఆ తర్వాతి వాటిలో ఆర్-410ఎ, ఇప్పటి వాటిలో ఎక్కువగా ఆర్-32, కొన్నిట్లో ఆర్-290 ఉంటాయి. ఆర్-290 అంటే ప్రొపేనే. ఆర్-22 ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి 2025 నుంచి మన దేశంలో కొత్త ఏసీల తయారీకి దాన్ని వాడకూడదు.

స్టిక్కర్ మీద ఉన్న గ్యాసే పట్టించాలి. "ఏదైనా ఒకటే సార్" అంటే ఒప్పుకోకండి. ఆర్-22 కంప్రెసర్‌లో ఉండేది మినరల్ ఆయిల్. 410ఎ, 32 గ్యాసులకు ఎస్టర్ ఆయిల్ కావాలి. మినరల్ ఆయిల్ వీటితో సరిగా కలవదు, కంప్రెసర్‌కు తిరిగి రాకుండా కాయిల్‌లోనే ఉండిపోతుంది. పైగా వీటి ప్రెషర్ ఆర్-22 కంటే ఒకటిన్నర రెట్లకు పైనే. పాత యూనిట్‌కి అంత తట్టుకునే సత్తా లేదు. పాత గేజీలూ పనికిరావు. ఆర్-22 ఏసీలో ప్రొపేన్ నింపితే చల్లగానే ఉంటుంది, కానీ నిప్పురవ్వ తగిలినా అంటుకునే గ్యాస్‌ను దానికోసం తయారుచేయని పెట్టెలో పెట్టినట్టే.

ఇప్పుడు లీకు వెతకాలి. మా ఇంట్లో ఎక్కడ దొరికిందో చెప్తాను. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి పైపు బిగించే ఫ్లేర్ నట్టు చుట్టూ దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు నూనె కూడా కొంచెం కొంచెంగా బయటికొచ్చి, దాని మీద దుమ్ము పేరుకుందన్నమాట. సబ్బు నురగ రాస్తే గసగసాలంత బుడగలు లేచాయి. మూడేళ్ల ఖర్చంతా ఆ ఒక్క నట్టుది! లీకు కనబడకపోతే నైట్రోజన్ ఎక్కించి చూస్తారు. ఆక్సిజన్ మాత్రం వద్దు, నూనె తగిలితే పేలుతుంది.

రిపేరు అయ్యాక పంపుతో వ్యాక్యూమ్ చేయించండి, అంటే పైపుల్లోని గాలంతా లాగేయించండి. లోపల గాలి, తేమ మిగిలితే ఎస్టర్ ఆయిల్ తేమను పీల్చుకుని యాసిడ్‌గా మారుతుంది, కంప్రెసర్ కాలిపోతుంది. కొందరు కాస్త గ్యాస్ వదిలి గాలిని బయటికి తోసేస్తారు. అది వ్యాక్యూమ్ కాదు.

గ్యాస్ ఎక్కించేటప్పుడు సిలిండర్‌ను కాటా మీద పెట్టమనండి. స్టిక్కర్ మీద 800 గ్రాములుంటే కాటాలో అంతే తగ్గాలి. 410ఎ రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి దాన్ని ద్రవంగానే ఎక్కించాలి. సగం కారిపోయి ఉంటే మిగిలింది కూడా తీసేసి, మొత్తం కొత్తగా నింపడం మేలు. తీసింది గాల్లోకి వదలకుండా రికవరీ సిలిండర్‌లోకి ఎక్కించాలి. భూమిని వేడెక్కించడంలో 410ఎ కార్బన్ డయాక్సైడ్‌కు రెండు వేల రెట్లకు పైనే.

ఆర్-32 కూడా కాస్త అంటుకునే రకమే. పని జరుగుతున్నంతసేపూ తలుపులు తీసి ఉంచండి, దగ్గర్లో దీపం, సిగరెట్ ఉండకూడదు. సిలిండర్‌ను ఎర్రటి ఎండలో మిద్దె మీద వదిలేయనివ్వకండి. ద్రవం చేతి మీద పడితే చర్మం గడ్డకట్టి బొబ్బలొస్తాయి, గ్లవ్స్ లేకుండా పనికి దిగనివ్వకండి.

అంతా అయ్యాక వాల్వుల మీది ఇత్తడి మూతలు బిగించారో లేదో చూసి, వాళ్లు మెట్లు దిగకముందే ఆ నట్టు దగ్గర ఇంకోసారి సబ్బు నురగ రాయించండి.