బడ్జెట్ యాప్‌కు డబ్బు కట్టే ముందు

మా ఇంటి ఖర్చుల లెక్క రాసేది నేనే. అందుకే మా బంధువుల పిల్లలు ఉద్యోగంలో చేరగానే “ఏ యాప్ మంచిది పిన్నీ?” అని నన్నే అడుగుతారు. మొదటి మూడు నెలలు ఏదీ కొనవద్దంటాను. గూగుల్ షీట్స్ ఉచితం. తేదీ, వివరం, పద్దు (అంటే ఏ రకం ఖర్చో), మొత్తం: ఈ నాలుగు గడులు చాలు. పద్దులు ఎనిమిది దాటనివ్వకండి. పాలు, కూరగాయలు, కిరాణా అంటూ విడదీసుకుంటూ పోతే రెండో వారానికే విసుగొస్తుంది.

యాప్ కావాలనే అనిపిస్తే, రాసుకున్న లెక్కలను సీఎస్‌వీ ఫైలుగా (గూగుల్ షీట్స్‌లోనూ తెరుచుకునే పట్టికగా) ఉచితంగా దించుకోనిస్తుందో లేదో ముందు చూడండి. అమెరికాలో అంత పేరున్న మింట్ అనే బడ్జెట్ యాప్‌నే 2024 మార్చిలో మూసేశారు. మన లెక్కలు మన దగ్గర ఉండాలి.

బ్యాంకు ఎస్ఎంఎస్‌లు చదివి ఖర్చులు తామే నమోదు చేసే యాప్‌లను నేను వాడను. ఓటీపీలు వచ్చేదీ ఆ సందేశాల్లోనే కదా! పైగా యూపీఐలో ఒకరికి 280 రూపాయలు పంపితే, అది చేపలకో చెప్పులు కుట్టినందుకో యాప్‌కు ఎలా తెలుస్తుంది? ఆ వివరం మనమే రాయాలి. రైతుబజారులో ఇచ్చిన నగదు సంగతీ అంతే.

ధరను ఏడాది లెక్కన చూడండి. నెలకు 99 అంటే 1,188 రూపాయలు. ఉచిత గడువు ఇస్తూ ఆటోపే (గడువు రాగానే ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే) అనుమతి అడిగితే, వద్దనుకున్న రోజునే యూపీఐ యాప్‌లోకి వెళ్లి దాన్ని రద్దు చేయండి. ఫోనులోంచి యాప్ తీసేసినంత మాత్రాన కోత ఆగదు.